పసుపు చీటీ సీసా

మా గది గుమ్మం తొక్కిన ప్రతి మగవాడూ ఒకటే హాస్యమాడతాడు. "ఏమ్మా, సీసాలు నిద్ర లేచాయా?" అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కడైనా కొత్త మాట అన్న పాపాన పోలేదు. నవ్వకపోతే నాకు పొగరంటారు, నవ్వితే రేపు మళ్ళీ అదే అంటారు. అందుకని తలెత్తకుండా నా సీసాలు నేను వంచుకుంటూ కూర్చుంటాను.

వంచడమే నా ఉద్యోగం. మా ఫ్యాక్టరీలో సిలికాన్ రెసిన్ తయారవుతుంది. సర్క్యూట్ బోర్డుల మీద పల్చగా పూస్తే ఆరి, గాజుపొరలా గట్టిపడి, తేమ తగలకుండా కాపాడే పూత అది. తనలో తాను అల్లుకుని గడ్డకట్టడం దాని గుణం. ఆ గడ్డకట్టేదేదో బోర్డు మీద, ఓవెన్‌లో జరగాలి గానీ సీసాలో జరగకూడదు. సీసాలో ఉన్నన్నాళ్ళూ దాన్ని అలా జారుడుగా ఉంచేది, అది కరిగి ఉన్న సాల్వెంటు. మంచి సాల్వెంటయితే రెసిన్ ఏడాదైనా నీళ్ళలా ఉంటుంది. చెడ్డదైతే, లేదా రవ్వంత తేమ లోపలికి చేరితే, మజ్జిగ చుక్క పడ్డ పాలలా తోడుకుంటుంది. అందుకే ప్రతి సరుకులోంచి మూడు సీసాలు తీసి, నా గదికి పంపుతారు. నేను మూతలకు టేపు చుట్టి అరల మీద పెడతాను. రోజూ ఒక్కోటీ వంచి, లోపల రెసిన్ ఎలా జారుతోందో చూసి చెప్పాలి. మూత మాత్రం తీయకూడదు. తీసినవాళ్ళని ఆ పూటే గేటు బయటికి పంపిస్తామని మా గది తలుపు మీద కాగితం కూడా అంటించారు.

నా చెల్లెలు కింది అంతస్తులో, పూత గదిలో పనిచేసేది. దాని చేయి అలాంటిలాంటి చేయి కాదు. కుంచె పట్టి ఒక్క బుడగ లేకుండా పూసేది. కొత్తగా చేరినవాళ్ళని తెచ్చి దాని వెనక నిలబెట్టి, చూసి నేర్చుకోమనేవాళ్ళు. ఆ గదిలో వాడే రెసిన్‌కి మొదట్నుంచీ వస్తున్న పాత సాల్వెంటే ఉండేది. మగ్గిపోయిన పండులా తియ్యటి వాసన. ఫ్యాన్లున్నాయి, మాస్కులిచ్చారు. అయినా ఇంటికెళ్ళి తలంటుకున్నా జుట్టులోంచి ఆ వాసన పోయేది కాదు. గర్భిణులకు మంచిది కాదని డబ్బా మీద రాసే ఉంటుంది. ఎక్కడనుకున్నారు? అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. చదవాలంటే మనిషి తలకిందులుగా నిలబడాలి.

దానికి రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే. ఆ గదిలో పోయింది దాని ఒక్కదానికే కాదు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవాళ్ళు తప్ప పైకి అనేవాళ్ళు కాదు. అన్నది నేనే. నాకు నోరు ఊరుకోదు.

అన్నది ఎవరితో అంటే మా మేనమామతో. మా అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది ఆయనే, ఈ ఫ్యాక్టరీలో పెట్టించిందీ ఆయనే. ఇక్కడ తయారీ అంతా ఆయన చేతి కిందే నడుస్తుంది. గేటు లోపల సార్, గేటు బయట మామయ్య.

"బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టకు. అదంతా ఒంటి తత్వం," అన్నాడాయన.

"పోనీ దాన్ని వేరే గదికి మార్చండి సార్."

"ఇవాళ దాన్ని మారిస్తే రేపు గది గదంతా నా గుమ్మం ముందుంటుంది. అక్కడేదో ఉందని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?"

నేను వదల్లేదు. వదలనని ఆయనకూ తెలుసు. చివరికి, కొత్త సాల్వెంటు ఒకటి వచ్చిందని, దానివల్ల మనిషికి హాని లేదంటున్నారని, దాంతో చేసిన రెసిన్ ఆర్నెల్లు గడ్డకట్టకుండా నిలిస్తే పూత గదిలో అదే వాడిస్తానని అన్నాడు. "మా అక్క మీద ఒట్టు," అని కూడా అన్నాడు. మా అమ్మ మీద ఒట్టేసి ఈయన తప్పిన మాటలు ఒక బండికెత్తొచ్చు. అయినా నమ్మాను. నమ్మక ఏం చేయను?

పాతదానికి నీలం చీటీ, కొత్తదానికి పసుపు చీటీ. పసుపు చీటీ సీసాలు మూడు. మూడూ నిలవాలి. ఒక్కటి గడ్డకట్టినా లెక్క తప్పినట్టే అన్నది మా గది రూలు.

ఆర్నెల్ల గడువు ఇంకో నెలన్నర ఉందనగా చెల్లెలు మళ్ళీ నీళ్ళోసుకుంది. మధ్యాహ్నం క్యారేజి పట్టుకుని నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చెవిలో చెప్పింది. సంతోషమో భయమో దాని మొహంలో తెలియలేదు. నాకైతే భయమే.

"ఇవాళే మానెయ్యి చిన్నీ. రేపట్నుంచి రాకు," అన్నాను.

"మానేసి? పొద్దుగూకులూ మా అత్త ఎదురుగా కూర్చోనా? ఇక్కడికొస్తేనే అక్కా నేను మనిషిని. ఇంట్లో నా పేరేంటో తెలుసుగా, కడుపు నిలవనిది. పక్కింటివాళ్ళకి నన్ను అలాగే పరిచయం చేస్తుంది మహాతల్లి. ఈసారీ పోతే... పోయిందనుకో, అప్పుడు ఈ పనీ లేకపోతే ఏం చూసుకుని బతకను?"

దాని మొగుడు మంచివాడే. వాళ్ళమ్మ ముందు మాత్రం నోట్లో నాలుక లేనివాడు.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం నా గదిలోనే తినేది. తినేదంటే, కెలికేది. వేవిళ్ళు. ముందు అర దగ్గరికి వెళ్ళి, "పసుపువాళ్ళు ఎలా ఉన్నారు?" అని అడిగేది, చుట్టాల క్షేమం కనుక్కుంటున్నట్టు. నేను వంచి చూపించేదాన్ని. మూడూ నీళ్ళలా జారేవి. దాని మొహం విప్పారేది. "మూడో నెల దాటేలోపే గది మారిపోతుంది చూడు," అనేది. తిన్నాక నేను గిన్నెలు కడగడానికి వరండా చివరి పంపు దగ్గరికి వెళ్ళేదాన్ని. అది కాళ్ళు చాపుకుని నా కుర్చీలో కూర్చునేది. పాపం అలసిపోయిందిలే అనుకునేదాన్ని.

గడువు తీరే రోజు పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చాను. ముందు వరసలో ఉన్న పసుపు సీసా వంచాను. లోపలిది కదల్లేదు. ఇంకా వంచాను, తలకిందులు చేశాను. అడుగున ఎలా ఉన్నదో అలాగే అతుక్కుని ఉంది. నాలుగు రోజులుగా కాస్త బద్ధకంగా జారుతోందని అనుమానం ఉంది గానీ, చలికి అలా ఉందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మిగిలిన రెండూ వంచాను. హాయిగా జారాయి. ఒకే రోజు ఒకే గిన్నెలోంచి నింపిన సీసాలు!

అప్పుడు మూత చూశాను. రోజూ లోపలిదే చూసేదాన్ని తప్ప మూత వంక చూడలేదు. నేను టేపు చుడితే చివర కత్తిరించి చదునుగా అణుస్తాను. దీనికి చివర చిన్న మడత ఉంది. పూత గదిలోవాళ్ళు అలా మడుస్తారు, గ్లవుజులతో కూడా పట్టుకుని లాగడానికి వీలుగా. మా అంతస్తులో అలా చుట్టేవాళ్ళు ఎవరూ లేరు.

పని మొదలయ్యేలోపే దాన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"టేపు ఎవరు చుట్టారే?"

"ఏ టేపు?"

"నా దగ్గరా ఆ మొహం! పసుపు సీసా మూత తీశావా, లేదా?"

నేల చూపులు చూస్తూ చిన్నపిల్లలా చెప్పింది.

"వాసన చూశానక్కా. అంతే. ఒలకబోయలేదు, వేలు కూడా పెట్టలేదు. పాతది మూత తీస్తే చాలు, నాకు కడుపులో దేవేసేది. ఇది దేవలేదు. నువ్వు కళ్ళతో చూస్తావు, నేను ముక్కుతో చూసుకున్నాను. ఇవాళ దేవుతుందేమో, ఇవాళ దేవుతుందేమో అని రోజూ చూశాను. ఒక్కరోజు కూడా దేవలేదక్కా."

"గాలిలో తేమ తగిలితే గడ్డకడుతుందని తెలీదా నీకు?"

"మా గదిలో గిన్నె మూత రోజంతా తీసే ఉంటుంది కదా! ఏమైంది? బానే ఉంటుందిగా!"

దాని గదిలో గిన్నెలోది సాయంత్రానికి వాడేస్తారు. ఆర్నెల్లు దాచరు. అది చూసిన రెసిన్‌కి ఒక్క రోజే ఆయుష్షు. ఆ మాట ఇప్పుడు చెప్తే మాత్రం సీసా కరుగుతుందా?

"గడ్డకట్టిందా?" అంది, మొహం పాలిపోయి. "మిగతా రెండూ బాగున్నాయా? మామయ్యకి ఆ రెండూ చూపించు. నా సంగతి చెప్పకు. నీకు దండం పెడతాను, చెప్పకు. గేటు బయటికి పంపేస్తారు."

నేను మూడు సీసాలూ పట్టుకుని కింది అంతస్తులోని మామయ్య గదికి వెళ్ళాను. ముందు దాని మాటే విన్నాను. రెండు జారేవి చూపించి, ఒకదానికి టేపు వదులై గాలి చొరబడినట్టుందని అన్నాను.

ఆయన గడ్డకట్టిన సీసానే చేతిలోకి తీసుకున్నాడు. వంచాడు. వంచి, ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు ఇంకా చెవిలో ఉంది. దిగులుపడి వదిలిన ఊపిరి కాదది.

"నేనేం చేయనమ్మా? రూలు రూలే. ఒక్కటి పోయినా పోయినట్టే కదా. ఎలాగూ కొత్తదానికి మారాలంటే కొనేవాళ్ళందరినీ మళ్ళీ ఒప్పించుకోవాలి, అదొక తద్దినం. నా ప్రయత్నం నేను చేశాను. పాతదే కానిద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. మండినా, ఆ మంటలోనే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఈయన గది మార్చడు. చెల్లెలు పని మానదు. మూడో నెల మాత్రం ఆగదు.

"టేపు వదులు కాలేదు సార్. చెల్లెలు మూత తీసింది. రోజూ తీసింది. కాబట్టి ఈ సీసా లెక్కలోకి రాదు."

ఆయన గబుక్కున తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి, గేటు బయటి మామయ్య అయిపోయాడు.

"నాతో అన్నావు, ఇక్కడితో మర్చిపో. మనింటి పిల్ల. దాన్ని వీధిన పడేస్తామా? పన్లో ఉండనీ. నేనేదో సర్దేస్తాలే."

చూశారా, ఎంత ప్రేమో! మేనకోడల్ని ఆ గదిలోనే ఉంచి కాపాడతాడట. నేను వెళ్ళి తలుపు బార్లా తెరిచాను. ఎదురుగా హాల్లో పూత గది ఆడవాళ్ళు కోట్లు తొడుక్కుంటున్నారు. సెక్యూరిటీ అతను ఉన్నాడు. చెల్లెలూ ఉంది.

"పరీక్ష సీసా మూత తీసింది నా చెల్లెలు!" అని అరిచాను. "తలుపు మీద అంటించిన రూలు మా ఇంటివాళ్ళకి వర్తించదని సార్ అంటున్నారు!"

ఆ మాట తర్వాత ఆయన చేతిలో ఏమీ లేకుండా పోయింది. అందరి కళ్ళూ ఆయన మీదే. పరీక్ష చెల్లదు, మళ్ళీ మొదట్నుంచి పెట్టండి అన్నాడు. దాన్ని మాత్రం ఆ పూటే పంపించేశాడు.

కోటు విప్పి మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. గేటు దాకా నేను వెనకే వెళ్ళాను. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నా పొట్ట కొట్టావు కదక్కా," అంది. అంతే, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, పంపు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. చిన్న గౌను కొనుక్కుని వెళ్ళాను. వాళ్ళత్త గుమ్మంలో అడ్డంగా నిలబడి, "పిల్ల పడుకుంది," అంది. లోపల పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. మంచి గొంతు. మా అమ్మ గొంతు. చెల్లెలు బయటికి రాలేదు. "ఎవరో ఒకళ్ళు లెండి, పంపించేయండి," అనడం మాత్రం నాకు వినబడింది. గౌను అత్త చేతిలో పెట్టి వచ్చేశాను. పిల్లకి తొడిగారో లేదో తెలియదు. నేను చేసింది తప్పంటే ఒప్పుకోను. అలాగని రాత్రిపూట నిద్ర పడుతోందనీ చెప్పను.

కొత్త పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి అరలకు రంగులు వేయాలని ఆపారు, ఇంకోసారి చీటీలు అయిపోయాయని ఆపారు. పూత గదిలో పాత సాల్వెంటే. చెల్లెలి కుర్చీలో ఇప్పుడు కొత్తగా పెళ్ళయిన అమ్మాయి కూర్చుంటోంది. చురుకైనది. చెల్లెలంత కాకపోయినా చేయి బాగానే సాగుతుంది.

నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి క్యారేజి పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఇక్కడ కూర్చుని తినొచ్చా? కింద ఆ వాసనకి ముద్ద దిగడం లేదు."

రమ్మన్నాను. క్యారేజి మూత తీసింది, రెండు ముద్దలు కెలికింది, పక్కకు పెట్టింది. అర వైపు చూసి, "కొత్తదంటే పసుపు చీటీదేనా అక్కా? ఎలా ఉంది?" అంది.

"ఎన్నో నెల?" అన్నాను.

ఉలిక్కిపడింది. తర్వాత సిగ్గుపడింది. "ఇంకా ఎవరికీ చెప్పలేదక్కా. మీకెలా తెలుసు?"

నేను సీసా వంచి చూపించాను. నీళ్ళలా జారింది. ఆ అమ్మాయి మొహం విప్పారింది. గిన్నెలు కడగడానికి లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఈ పిల్ల మీద ఏ నేరం మోపి బయటికి పంపించాలో ఎంత ఆలోచించినా తట్టలేదు.