పేర్లు కనిపించే మనిషి

కాలరు ఇస్త్రీ చేసేటప్పుడు లోపలివైపు నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే అంచున ముడత పడుతుంది. ఆ ముడతని భర్త పొద్దున్న చూసి ఊరుకుంటాడు, సాయంత్రం ఇంటికొచ్చి చెబుతాడు, రోజంతా దాన్నే మోసుకు తిరిగినట్టు. ఆమె కుడిచేత్తో పెట్టె తోస్తూ ఎడంచేత్తో బల్ల చివరున్న ఫోన్‌లో గ్రూపు చూస్తోంది. ఆమె సరేనంటేగానీ పోస్టులు గ్రూపులోకి వెళ్ళవు. జిప్పు వంకర పోతోంది, ఏం చెయ్యమంటారని ఒకరు. మెషిన్ ఊరికే దారం తెంపేస్తోందని ఇంకొకరు. ఆ తరవాతది పేరు లేకుండా వచ్చింది.

"వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. పాపని తీసుకుని వెళ్ళిపోతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. సంచీ పట్టుకుని బయల్దేరితే అనుమానం వస్తుంది. కోటు లోపల, సర్టిఫికెట్లు పట్టే జేబు, పైకి తెలియకుండా ఎలా కుట్టుకోవాలి?"

పేరు లేకుండా అన్నది చదివేవాళ్ళ సంగతి. మోడరేటర్లకి పేరు కనిపిస్తుంది. ఆ పేరు చూసి ఆమె ఇస్త్రీపెట్టెని నిలబెట్టేసింది. తన భర్త ఆఫీసులో క్యాషియర్ ఉన్నాడు, ఆయన భార్య. ఒకే ఒక్కసారి కలిశారు, ఆఫీసువాళ్ళ విందులో. ఆరోజు తన గౌను అంచు కుట్టు ఊడి వేలాడుతుంటే, క్యాషియర్ భార్య చెయ్యిపట్టుకుని బాత్‌రూమ్ వైపు తీసుకెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని పిన్నులు పెట్టింది. పిన్నులు పెడుతూ, "మీ ఆయనా మా ఆయనా ఒకేలా నవ్వుతారు కదూ," అంది. ఎందుకన్నదో అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మాట చాలారోజులు వదల్లేదు.

ఆమె ఆ పోస్టుకి సరేనంది. చొక్కా మడత పెట్టేలోపే జవాబులు మొదలయ్యాయి. ఎందుకు వెళ్తున్నావని ఒక్కరూ అడగలేదు. లైనింగు ఎక్కడ విప్పాలో ఒకరు చెప్పారు, ఏ గుడ్డయితే చప్పుడు చెయ్యదో ఇంకొకరు. ఎప్పుడూ ఏదీ రాయని నర్సమ్మ కూడా, ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైన పెద్దావిడ, ఒక్క వాక్యం రాసింది. "చేతికుట్టే వెయ్యమ్మా, మెషిన్ కుట్టు తడిమితే తెలిసిపోతుంది."

ఆ గ్రూపు పేరు సూదీ దారం. కుట్టుపని నేర్పే టీచరమ్మ ఒకావిడ తన దగ్గర నేర్చుకున్నవాళ్ళ కోసం మొదలుపెట్టింది. సందేహాలు అడగడానికి సిగ్గుపడేవాళ్ళుంటారని పేరు దాచి రాసే వీలు కల్పించారు. ఆ వీలు దొరికాక ఒకామె నడుము కొలత ఎలా తియ్యాలో అడిగి, అదే పోస్టు చివర, ఏది కుట్టుకున్నా మా ఆయన గోనెసంచీకి బొత్తాలు పెట్టినట్టుందంటాడని రాసింది. అక్కడితో గట్టు తెగింది. జీతం పడే ఏటీఎం కార్డు మరిది దగ్గరుందని, కడుపు పోయిన మూడోరోజే వంటింట్లోకి పంపారని, నవ్వడం మరిచిపోయానేమోనని అద్దంలో చూసుకున్నానని రాశారు. ఇవన్నీ బాబిన్ల గురించీ మడతల గురించీ అడిగిన పోస్టుల మధ్యే వచ్చేవి. గ్రూపు పెరిగింది. తనొక్కతే చూసుకోలేనని టీచరమ్మ ఒక మోడరేటర్‌ని పెట్టాలనుకుని, ఎవరూ అనుకోని ఈమెని ఎంచుకుంది. "నువ్వు తొందరపడి మాట్లాడవు. నిన్ను నమ్మొచ్చు," అంది. అప్పట్నుంచి గ్రూపులో ఈమె నెమ్మదక్క అయింది.

నిన్ను నమ్మొచ్చు అన్న మాట అంతకుముందు ఆమెతో ఎవరూ అనలేదు. బీరువా తాళాలు అత్తగారి దగ్గరే ఉంటాయి. పళ్ళ డాక్టరు దగ్గర ఆమె రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పొద్దున్న తలుపులు తీసేదీ ఆమే, సాయంత్రం వేసేదీ ఆమే. అయినా సొరుగు తాళం మాత్రం డాక్టరు తన జేబులోనే పెట్టుకుంటాడు. గ్రూపు సంగతి తెలిసి ఆయన నవ్వి, "అయితే నీకు ఇవన్నీ అలవాటేగా, మన క్లినిక్ పేజీ కూడా నువ్వే చూసెయ్యమ్మా," అన్నాడు. జీతంలో తేడా ఏమీ రాలేదు. గ్రూపు కూడా జీతమిచ్చేదేమీ కాదు. కానీ అక్కడ ఆమె చేతిలో ఒక్కటుంది, పేర్లు. క్లినిక్‌కి ఎవరో పన్ను నొప్పితో వచ్చి కుర్చీలో కూర్చుంటే, ఆ మనిషి కిందటి వారం ఏం రాసిందో ఆమెకి తెలిసేది. తెలియనట్టే చీటీ రాసిచ్చేది. అలా తెలియనట్టు ఉండగలగడం తనకే గొప్పగా ఉండేది. తనలో ఒక గది ఉన్నట్టు, అందులోకి ఇంకెవరూ రానట్టు.

ఆ గదికి ఇంకో తలుపుందని ఆమెకి తోచలేదు. ఫోన్ కొన్నరోజునే భర్త తన వేలిముద్ర కూడా అందులో పెట్టించాడు. "మన మధ్య దాపరికాలేంటి," అన్నాడు. అప్పుడా మాట ముద్దుగానే వినిపించింది. ఆయన ఫోన్‌లో ఆమె వేలిముద్ర లేదు. అది ఆఫీసు ఫోన్ కదా అన్నాడు.

రెండురోజుల తరవాత భోజనాల దగ్గర, పళ్ళెం ముందుకి లాక్కుంటూ ఆయనే చెప్పాడు. "ఇవాళ క్యాషియర్‌తో మాట్లాడాను."

"దేని గురించి?"

"వాళ్ళావిడ గురించే. మన పాప స్కూలు నోటీసు ఫొటో కోసం నీ ఫోన్ తీశాను. అప్పుడు చూశాను. ఎంత గుండె ఉండాలి, ఆ మనిషికి."

ఆమె చేతిలో గరిట గిన్నెలోనే ఆగిపోయింది. "అది మీరు చూడాల్సింది కాదు."

"నువ్వు చూడొచ్చుగానీ నేను చూడకూడదా? రోజూ నా పక్క సీట్లో కూర్చునేవాడు. వాడి కొంప కూలుతోందని తెలిసి కూడా నోరు మూసుకోమంటావా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడుగుతున్నాడు. "ఎవరో టీచరమ్మ నిన్ను నమ్మిందని అంత సంబరపడ్డావు. మొగుణ్ణి నువ్వు నమ్మవా?"

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు దింపింది. "వాడు చేసింది మంచిపనే. ఒక సంసారం నిలబెట్టాడు. నువ్వేమో కూల్చడానికి జేబులు కుట్టిస్తున్నావు."

ఆమె క్యాషియర్ భార్యకి ఫోన్ చేసింది. మోగలేదు. క్లినిక్ నుంచి చేసింది, మెట్లమీద నిలబడి చేసింది. ఏమైందో చివరికి భర్త నోటితోనే వినాల్సి వచ్చింది. "వాడు చక్కగా సర్దుకున్నాడు. ఫోన్ తీసి దాచేశాడు. ఆ ఉద్యోగం వాళ్ళకి తనే ఫోన్ చేసి, ఆవిడ రాదని చెప్పేశాడు. పిల్లని కొన్నాళ్ళు నానమ్మ దగ్గర ఉంచాడు. చెయ్యి చేసుకోలేదు, అరవలేదు. పెద్దమనిషి." చెబుతూ చెబుతూ ఆయన ఆమె వైపు చూసి నవ్వాడు, నన్నూ అలాగే మెచ్చుకో అన్నట్టు. మోకాళ్ళమీద కూర్చుని పిన్నులు పెట్టిన మనిషి ఆ నవ్వు గురించే చెప్పింది.

ఆరోజే ఆమె ఫోన్‌లోంచి ఆయన వేలిముద్ర తీసేసింది. తాళం మార్చింది. తను అంత ధైర్యం చేసిందని తనకే నమ్మకం కలగలేదు. మర్నాడు పొద్దున్న పాప పాలు తాగుతోంది. ఆయన స్కూలు మెసేజ్ చూద్దామని ఆమె ఫోన్ తీసి వేలు పెట్టాడు. తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టాడు. అప్పుడు ఫోన్‌ని ఆమె ముందు బల్లమీద పెట్టి, మెత్తగా, "తియ్యి," అన్నాడు. ఆమె అనదలుచుకున్న మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. రాత్రంతా వాటిని పేర్చుకుంది. పాప గ్లాసు పట్టుకుని అమ్మనీ నాన్ననీ మార్చి మార్చి చూస్తోంది. అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "మొగుడికి చూపించలేనిది ఏముందే అందులో," అంది. ఆమె బొటనవేలు ముందుకెళ్ళి అద్దం మీద ఆనింది. ఫోన్ తెరుచుకుంది. ఆయన మెసేజ్ చూసి, ఆమెచేత కొత్త నంబరు నొక్కించి, వేలిముద్ర మళ్ళీ పెట్టుకుని, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, చెయ్యి పట్టుకోలేదు. అదే ఆమెని లోపల్నుంచి కోసింది. నోటిచేత రాత్రంతా సాధన చేయించినా, వేలు మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ నేర్చుకున్న పనే చేసింది.

ఆ మధ్యాహ్నం క్లినిక్‌లో పేషెంట్ల మధ్య ఖాళీలో జరిగిందంతా గ్రూపులో రాసింది. క్యాషియర్ భార్య పేరు రాయలేదు. నా వల్ల ఒకరి దారి మూసుకుపోయింది, నేను మోడరేటర్‌గా ఉండటానికి తగను, ఇంకొకరిని చూసుకోండి అని రాసి పంపింది. డాక్టరు లోపల్నుంచి తొంగిచూసి, "క్లినిక్ పేజీకి రెండురోజులుగా జవాబుల్లేవమ్మా, ఆ ఫోన్‌లో ఏం చేస్తున్నట్టు," అన్నాడు. ఆమె, "ఇప్పుడే చూస్తానండి," అంది.

తిట్లు వచ్చాయి. రావాలనే ఆమె కూడా కోరుకుంది. కొందరు తమ పాత పోస్టులన్నీ తీసేసి వెళ్ళిపోయారు. టీచరమ్మ ఫోన్ చేసి, "నిన్ను నేను నమ్మాను. నా బుద్ధి తక్కువ," అని పెట్టేసింది.

తరవాత మోడరేటర్ ఎవరన్న మాట వచ్చింది. చాలామంది ముందుకొచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు ఒకావిడ, బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ, హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. తనకి టైముందని ఒకరు, చట్టాలు తెలుసని ఒకరు, నలుగురిలో మాట్లాడగలనని ఇంకొకరు చెప్పుకున్నారు. వెళ్ళేముందు ఒక్కటి అడుగుతాను అని నెమ్మదక్క రాసింది. "మీ ఫోన్ మీరు కాకుండా ఇంకెవరు తియ్యగలరు?"

"మా ఆయన అలాంటివారు కాదు," అని లెక్చరరు రాసింది.

"మా ఆయన కూడా కాదు," అని ఆమె జవాబిచ్చింది. ఆ మాటలో వెటకారం లేదని చదివినవాళ్ళందరికీ తెలిసింది.

చాలాసేపటికి లెక్చరరే మళ్ళీ రాసింది. ఇంట్లో కంప్యూటర్‌లో తన మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుందట, తీసెయ్యాలని ఇన్నేళ్ళలో తోచలేదట. పార్లర్ ఆవిడ ఫోన్ బిల్లు కొడుకు కడతాడు, అందుకని వాడే చూస్తాడు. హాస్టల్ పిల్ల ఫోన్‌ని ఆదివారాలు అన్నయ్య వచ్చి చూసి వెళ్తాడు. అలా చూడనిస్తేనే చదువు. ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి టీచరమ్మ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో ఆ బింకం లేదు.

"అమ్మాయ్, నాకీ ఫోన్లూ గ్రూపులూ ఏం తెలుసు చెప్పు. మొదట్నుంచీ మా అబ్బాయే చూస్తున్నాడు. నా పేరుతో ఉంది గానీ అంతా వాడి ఫోన్‌లోనే. మంచివాడే. ఎప్పుడూ ఎవరి గురించీ నాతో అనలేదు." ఆగి, "నాతో అనలేదు," అంది మళ్ళీ, ఆ మాటని కొత్తగా విన్నట్టు.

అంటే మొదటి పోస్టు నుంచీ అంతే. ఆ ఆడవాళ్ళు ఏడుస్తూ రాసుకున్నదంతా, పేర్లతో సహా, వాళ్ళెవరూ చూడని ఒక కుర్రాడి జేబులో తిరుగుతోంది. ఆమెకి కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త ఆశ మిగిలుండాలి.

అత్తగారు పడుకున్న మధ్యాహ్నం, ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నర్సమ్మ ఫోన్ చేసింది. ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

"నువ్వడిగిన దానికి జవాబు అందరిముందూ చెప్పబుద్ధి కాలేదమ్మా. నా ఫోన్ నేను తప్ప ఎవరూ ముట్టుకోరు."

"ఇంట్లో మీవాళ్ళు?"

"ఆయన పోయారు. పిల్లలు పుట్టలేదు. తోడబుట్టినవాళ్ళతో రాకపోకల్లేవు. నేనసలు ఫోన్‌కి తాళమే పెట్టుకోలేదు. ఎవరొచ్చి చూస్తారని?"

ఆమె తడిబట్ట భుజాన వేసుకుంది. "ఆయన ఉన్నప్పుడు?" అని అడిగింది.

"ఆయన ఉన్నప్పుడు నాకొచ్చే ఉత్తరాలు కవరు చింపే వచ్చేవి," అంది నర్సమ్మ.

నర్సమ్మని పెట్టడానికి టీచరమ్మ ఒప్పుకుంది. కొడుకు దగ్గరున్న అధికారం కూడా తీయించింది. నెమ్మదక్క తన అధికారాలన్నీ ఒక్కొక్కటీ నర్సమ్మ పేరుకి మార్చింది. అంతా అయ్యాక నర్సమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "నిన్ను మామూలు మెంబరుగా ఉంచుతున్నాను. అందరూ తిట్టారని వెళ్ళిపోకు. నీకూ ఓ చోటుండాలిగా."

ఉండాలి. ఆమెకి తెలుసు. కానీ ఆ పొద్దున్నే భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ సరదాగా, "ఏమంటున్నారు మీవాళ్ళు? హాస్టల్ పిల్ల సంగతి భలే ఉందే," అన్నాడు. ఆయనకి ఇప్పుడు అదొక కాలక్షేపం. పేర్లు కనిపించకపోయినా రాతలు కనిపిస్తాయి. ఊరి పేరో, పిల్లాడి స్కూలో, ఒక్క చిన్న మాట చాలు. రేపు ఇంకో క్యాషియర్ భార్య ఇంకో జేబు గురించి అడుగుతుంది.

"నన్ను తీసెయ్యండి నర్సమ్మగారూ," అంది ఆమె.

"నీదే తప్పంతా అనుకుంటున్నావా?"

"కాదండీ. తీసెయ్యండి. మళ్ళీ చేర్చుకోమని ఎప్పుడైనా మెసేజ్ పెడితే ఒప్పుకోకండి. ఎంత బతిమాలినా ఒప్పుకోకండి. ఈ ఫోన్‌లోంచి అడుగుతున్నది నేనేనని మీకెలా తెలుస్తుంది?"