పదకొండు ఇళ్ల తాళంచెవులు

వాన మొదలై ఇరవై రెండు రోజులైంది. ఈ ఊళ్లో స్థిరపడ్డ మా ఇంగ్లీషువాళ్లలో సగం మంది నవంబరు రాగానే ఇళ్లకు తాళాలేసి ఇంగ్లండుకో స్పెయిన్‌కో చెక్కేస్తారు. మిగిలిన తొమ్మిదిమందిమి గురువారం గురువారం ఊరి పంచాయతీ హాల్లో చేరతాం. టీ తాగుతాం, కేకు తింటాం, రానివాళ్లను చీల్చి చెండాడతాం. మేమున్నది ఫ్రాన్సులో అని మాకు గుర్తుచేసేది ఆ హాలు గోడ మీది జెండా ఒక్కటే.

ఖాళీగా ఉన్న పదకొండు ఇళ్ల తాళంచెవులూ హిల్డా దగ్గర ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో ఉంటాయి. ప్రతి సోమవారం ఆమె సైకిలేసుకుని అన్ని ఇళ్లూ తిరుగుతుంది. కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తుంది, చూరు కారే చోట గిన్నె పెట్టి వస్తుంది. అరవై ఎనిమిదేళ్లు, మొగుడు పోయి నాలుగేళ్లు. ఆ డబ్బా, ఆ గురువారం టీ తప్ప ఆమెకు ఈ దేశంలో వేరే బతుకు లేదని మేమంతా అనుకునేవాళ్లం.

ఆ గురువారం హిల్డాకు జలుబు చేసి రాలేదు. అదును చూసి రూపర్ట్ గొంతు సవరించుకున్నాడు. ఇతను ఇన్సూరెన్సు కంపెనీలో ముప్పై ఏళ్లు జనం క్లెయిములు తిరగ్గొట్టి రిటైరైన మనిషి.

"తాళమేసి వెళ్లిన క్లైవ్ ఇంట్లో ఎవరో మకాం పెట్టారు. నిన్న మా డాఫ్నీ వాన తగ్గేదాకా వాళ్ల వసారాలో నిలబడితే కిటికీ అద్దం వెచ్చగా తగిలిందట. బుధవారం! హిల్డా వెళ్లేది సోమవారం కదా?"

"లోపల పొయ్యి వెలిగించి ఉంది, నేను ఒట్టేసి చెబుతా," అంది ఒళ్లో అల్లికల బుట్ట పెట్టుకుని తెల్లదారంతో ఏదో అల్లుతున్న అతని భార్య డాఫ్నీ.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆవిడ దగ్గరేగా," అన్నాడు రూపర్ట్. "పైగా ఊళ్లోకి రొట్టెల బండి తోలుకొచ్చే దాంతో రోజూ అరగంట ఫ్రెంచిలో గుసగుసలు. ఏం మాట్లాడుకుంటారో ఎవడికి తెలుసు? వచ్చే గురువారం డబ్బా టేబుల్ మీద పెట్టించేద్దాం. లెన్, నువ్వేమంటావ్?"

లెన్ అంటే నేనే. లీడ్స్‌లో ఒకప్పుడు బస్సు డిపో యూనియన్ నాయకుణ్ని. రుజువు లేకుండా ఒక్క కండక్టరు మీద ఈగ వాలనివ్వని వాణ్ని. అలాంటివాణ్ని నేనేమన్నానో చెప్పాలి కదా. "ముందు నన్ను చూడనివ్వండి," అన్నాను. న్యాయం కోసం అన్నాననుకున్నాను. అబద్ధం. వానలో నాకూ ఏం తోచక చస్తున్నాను, నాకూ ఒక దొంగ కావాలి.

సోమవారం హిల్డా వెళ్లి వచ్చాక క్లైవ్ గుమ్మానికి మోకాలి ఎత్తున నల్లదారం కట్టాను. అటునుంచి నేరుగా ఆమె ఇంటికే వెళ్లాను. టీ ఇచ్చింది. తాగాను. సిగ్గులేదు నాకు.

"క్లైవ్ ఇంటికి సోమవారం కాక ఇంకెప్పుడైనా వెళ్తావా?" అనడిగాను.

నా మొహంలోకి చూసింది. "ఓహో. రూపర్ట్ దొరగారు పంపాడా?"

"ఎవరూ పంపలేదు."

"అయితే నీ అంతట నువ్వే వచ్చావన్నమాట. అది ఇంకా దరిద్రం." కప్పు తీసేసుకుంది. "సోమవారమే వెళ్తాను. విను లెన్. ఆ డబ్బా లాక్కుంటే నేనిక్కడ గోడలు చూస్తూ కూర్చోను. ఇంగ్లండులో, హల్‌లో మా అన్నయ్య సోఫా ఖాళీగా ఉంది, వాడి కుక్కతో పంచుకుంటా. పో ఇక."

బుధవారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే దారం తెగి ఉంది. తలుపు తాళం వేసే ఉంది. కిటికీ అద్దానికి చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది. వసారాలో కట్టెల పేర్పు చూశాను. సోమవారం పై వరసలో బొగ్గుముక్కతో గీత పెట్టాను. ఆ గీత అక్కడే ఉంది. ఒక్క కట్టె కూడా తగ్గలేదు.

పొయ్యి వెలిగింది, కట్టెలు తగ్గలేదు. డిపోలో ఇలాంటిది నా ముందు పెడితే మేనేజరును చొక్కా పట్టుకుని అడిగేవాణ్ని.

రూపర్ట్‌కు చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు మహానుభావుడు. "చూశావా! అంటే వేరే ఇంటి కట్టెలు మోసుకొచ్చి కాలుస్తోంది. మా పేర్పు కూడా తగ్గింది, నేననుకుంటూనే ఉన్నా!"

చలికాలంలో నీ కట్టెలు తగ్గక పెరుగుతాయట్రా అని అడగాల్సింది. అడగలేదు.

గురువారం హిల్డా వచ్చింది. ఎవరూ ఆమెకు కేకు జరపలేదు. దారం సంగతి రూపర్ట్ చదివాడు, కాగితం మీద రాసుకొచ్చి మరీ. దారం ఎవరు కట్టారో ఆమె అడగలేదు. నా వైపు చూసింది, అంతే. సంచిలోంచి డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది.

"పదకొండు. లెక్కపెట్టుకోండి."

వానలోనే సైకిలెక్కి వెళ్లిపోయింది. గొడుగు హాల్లోనే ఉండిపోయింది. డబ్బా రూపర్ట్ కారెక్కింది.

మంగళవారం పగలు మూడింటికి ఆ గొడుగు ఇచ్చేద్దామని బయల్దేరాను. దారిలో చూద్దును కదా, క్లైవ్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. తాళంచెవి రూపర్ట్ జేబులో ఉంది. పొగ మాత్రం ఆకాశంలో ఉంది.

తలుపు తోశాను. తెరుచుకుంది. పొయ్యి ముందు కుర్చీలో, బూట్లు విప్పి, మేజోళ్లు ఆరబెట్టుకుంటూ పక్కింటి ముసలి రైతు ఎమీల్ కూర్చుని ఉన్నాడు. దొంగలా ఉలిక్కిపడలేదు సరికదా, తలుపు వేయమని నాకే సైగ చేశాడు. చల్లగాలి వస్తోందట! ఏదో గడగడా చెప్పాడు. నడిగోడను పిడికిలితో బాదాడు. జేబులోంచి అరచెయ్యంత ఇనుప తాళంచెవి తీసి చూపించాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈ ఊళ్లో పదమూడేళ్లుగా ఉంటున్నాను నేను.

రెండు రోజులు ఆగి, గురువారం ఎమీల్‌ను సైగలతో ఒప్పించి, నా కారు వెనకే ట్రాక్టరు మీద హాలుకు తీసుకెళ్లాను. జరిగింది నేను చెప్పాను. రూపర్ట్ చలించలేదు.

"చెవి ఆవిడే నకలు చేయించి ఇచ్చుంటుంది. ఇద్దరూ తోడుదొంగలు. అడగండి ఆయన్ని."

అడగడానికి ఎవరికి ఫ్రెంచి వచ్చు? తొమ్మిదిమందిలో వచ్చింది ఒక్కర్తికే. ఆమెనే వెళ్లగొట్టాం.

కారు తీసుకుని వెళ్లాను. హిల్డా గుమ్మంలో సూట్‌కేసు సర్దేసి ఉంది. బతిమాలాను. "నీకోసం కాదు, ఎమీల్‌ను మీ మధ్య వదిలేయలేక వస్తున్నా," అంది.

ఆమె హాల్లోకి రాగానే ఎమీల్ లేచి టోపీ తీశాడు. చాలాసేపు మాట్లాడాడు. హిల్డా విని మాకు చెప్పింది.

"ఆ ఇల్లు ఒకప్పుడు ఈయన పిన్నిది. రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. అటు పొయ్యి వెలగకపోతే గోడకు చెమ్మ పట్టి ఇటు ఈయన మంచం తడిసిపోతుంది. అందుకే బుధవారమో మంగళవారమో వెళ్లి వెలిగిస్తాడు. కట్టెలు ఈయనవే, క్లైవ్‌వి పచ్చివట, పొగ తప్ప మంట రాదట. చెవి ఈయన దగ్గర నలభై ఏళ్లుగా ఉంది. పాత తాళం ముచ్చటగా ఉందని మీ క్లైవ్ మార్చలేదు. మార్చలేదంటే తనను రానిచ్చినట్టేనని ఈయన అనుకున్నాడు."

ఎమీల్ ఇనుప చెవిని టేబుల్ మీద పెట్టాడు. తుప్పు చూస్తేనే తెలుస్తోంది, అది నిన్న మొన్న చేయించింది కాదని. డాఫ్నీ తలవంచుకుంది.

రూపర్ట్ మాత్రం కళ్లు చికిలించాడు. "అంతసేపు చెప్పాడు. నువ్వు ఇంతే చెప్పావ్. మిగతాదేది?"

"మిగతాది మీ గురించి. చెప్పమంటావా?"

"చెప్పు."

"ప్రతి గురువారం తలుపులేసుకుని వీళ్లు ఏం చేస్తారని ఊళ్లో అందరికీ అనుమానమట. ఏదో మతం పెట్టారనుకుంటున్నారు. కేకు తింటారని నేను చెబితే నమ్మడం లేదట."

ఎవరూ నవ్వలేదు. రూపర్ట్ డబ్బాను రెండు వేళ్లతో ఆమె వైపు తోశాడు. అదే అతని క్షమాపణ. హిల్డా దాన్ని ముట్టుకోలేదు. నా కుర్చీకి తగిలించి ఉన్న తన గొడుగు తీసుకుంది.

"హల్ వెళ్తున్నావా?" అని వెనకాల పరుగెత్తాను.

"వెళ్లను. రేపటినుంచి రొట్టెల బండామె పక్కన కూర్చుని ఊళ్లు తిరుగుతా, దానికి మోకాలు నొప్పి, దిగి రొట్టెలివ్వలేదు. ఇన్నాళ్లూ మీరే నాకు దిక్కనుకున్నా లెన్. ఎంత తెలివితక్కువదాన్ని." ఎమీల్ ట్రాక్టరెక్కి పోయింది.

డబ్బా తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను తీసుకున్నాను. తప్పు చేసినవాడే మోయాలి.

మరుసటి సోమవారం వానలో ఇళ్లు తిరిగాను. ఏడో ఇంటి గుమ్మం దగ్గర కాలికి ఏదో తగిలి తెగింది. వంగి చూశాను. మోకాలి ఎత్తున దారం.

నేను కట్టింది నల్లది. ఇది తెల్లది, డాఫ్నీ అల్లికల బుట్టలోది.