పంతొమ్మిదో పేజీ

నేను ఒక ట్రెడిల్ అచ్చుయంత్రాన్ని. కాలితో పెడల్ తొక్కితే నా రెండు ఇనుప పలకలు దగ్గరకు వస్తాయి. ఒకదాని మీద సీసపు అక్షరాలుంటాయి, రెండోదాని మీద కాగితం. అవి ఒక్క లిప్తకాలం కలుసుకుని విడిపోతాయి. ఆ కాస్త పనికే మనుషులు నన్ను సరస్వతీదేవి అన్నారు, ఆయుధపూజ నాడు నాకు పసుపు పూశారు.

పుట్టింది అమృత్‌సర్‌లో. ఒళ్లంతా వరిగడ్డి చుట్టుకుని గూడ్సుబండిలో వచ్చి, 1959లో రేపల్లె స్టేషన్‌లో దిగాను. విజయసారథి ప్రెస్సు యజమాని గోవిందరాజులు గారు నా మెడ ఎక్కడుందో తెలియక కాసేపు చుట్టూ తిరిగి, చివరికి ఒక బోల్టుకు నిమ్మకాయల దండ తగిలించారు. బయట బోర్డు మీద 'పవర్ ప్రెస్' అని రాయించారు. ఆ వీధికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఆ పవరంతా ఏసోబు కుడికాలిది. ఏసోబు అనే మనిషి నా ముందు నిలబడి, ఒక చేత్తో కాగితం పెట్టి, ఇంకో చేత్తో తీసి, రోజుకు ఎనిమిది గంటలు నన్ను తొక్కేవాడు. పొద్దున్నే నాకు నూనె పోసి, తరువాత తను టీ తాగేవాడు.

నేను శుభలేఖలు వేశాను, కర్మకాండల కార్డులు వేశాను. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీ కరపత్రం, భోజనాలయ్యాక రెండో పార్టీది. రెండింటికీ అవే అక్షరాలు. పొద్దున 'దొంగ' అన్న మాటలో కూర్చున్న 'గ', మధ్యాహ్నం 'త్యాగమూర్తి'లోకి వచ్చి కూర్చునేది. సీసానికి పట్టింపులు లేవు.

ఆ అక్షరాలను కూర్చేది నాంచారమ్మ. ఆమె తండ్రి ఆ ప్రెస్సులోనే కంపోజిటరు. ఆయనకు చూపు మందగించాక, పద్దెనిమిదేళ్ల నాంచారమ్మ ఆయన స్టూలు ఎక్కింది. ఆడపిల్లకు ఈ పనేమిటని వీధిలో నలుగురూ అన్నారు. ఆమె పట్టించుకోలేదు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే ఇనుప స్టిక్కు పట్టుకుని, కుడిచేతి వేళ్లతో వందల గడుల పెట్టెల్లోంచి అక్షరాలు ఏరేది. కోడి గింజలు ఏరినట్టు ఉండేది ఆ వేగం. తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు ఉన్న వాక్యాన్ని మనం పేపరు చదివినంత సులువుగా చదివేది. తెనాలి నుంచి వచ్చిన పెద్ద పెద్ద కంపోజిటర్లు ఆమె పక్కన నిలబడి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేవారు.

1971 వేసవిలో ఆ వేళ్లలో రెండు నాలో పడ్డాయి.

పెళ్లిళ్ల రోజులు. శుభలేఖల కోసం వచ్చిన పెళ్లివారు బల్ల మీద కూర్చుని ఒకటే గోల. అక్షరాలను చట్రంలో బిగించి నాలో నిలబెట్టారు. రెండు కార్డులు వేయగానే ఒక అక్షరం పైకి లేచి కార్డుకు చిల్లు పెట్టింది. ఏసోబు కాలు ఆపాడు. నాంచారమ్మ వచ్చి, నా పలకల మధ్య చెయ్యి పెట్టి, లేచిన అక్షరాన్ని రెండు వేళ్లతో లోపలికి నొక్కుతోంది. ఏసోబు కార్డుల దొంతర వైపు తిరిగి ఉన్నాడు. గదిలో ఎవరు ఏమన్నారో పెళ్లివారి సందడిలో నాకు వినపడలేదు. పెడల్ కదిలింది. కదిలితే మూసుకోవడం తప్ప నాకు ఇంకో విద్య రాదు.

చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. అప్పటికే కుదిరిన సంబంధం ఒకటి ఆ తరువాతి నెలలో వెనక్కు పోయింది. "చేతి ఏళ్లు చూసి వచ్చినోడు ఏళ్లతోనే పోయాడు, మంచిదేలే" అని తల్లితో అని, నాంచారమ్మ ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో చిక్కుడుగింజలు, పెసలు, ఆఖరికి ఆవాలు ఏరడం నేర్చుకుంది. తిరిగి ప్రెస్సుకు వచ్చి స్టూలెక్కింది. కుడిచేతిలో మిగిలిన మూడు వేళ్లతో స్టిక్కు పట్టుకుని, ఎడమచేత్తో కూర్చడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి వేగం వచ్చేసింది.

ఏసోబుతో మాత్రం మాట మానేసింది. ఒకే గది, మధ్యలో నేను, అటు ఆమె, ఇటు అతను. "ఆ మనిషికి చెప్పండి గోవిందరాజులు గారూ, కాగితం వంకరగా పెడుతున్నాడని" అనేది. ఆయన తలెత్తి, "ఏసోబూ, కాగితం వంకరట" అనేవారు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఏసోబు, "సరేనని చెప్పండి సార్" అనేవాడు. క్రిస్మసుకు అతని భార్య పంపిన అరిసెల డబ్బా మూత కూడా తీయకుండా తిరిగిపోయేది. మరుసటేడు మళ్లీ వచ్చేది. ఇలా ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో 'శాంతి' అన్న మాట నేను ఎన్ని వేలసార్లు అచ్చువేశానో లెక్కలేదు.

1979 వేసవిలో భట్టిప్రోలు నుంచి పరదేశి మాస్టారు వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ల ఊళ్లో పాత బౌద్ధస్తూపం ఇటుకల దిబ్బ ఉంది. వైశాఖ పున్నమి నాడు అక్కడ పంచడానికి ముప్ఫైరెండు పేజీల పుస్తకం రాసుకొచ్చారు. బుద్ధుడు ఏం చెప్పాడో రైతుకూ కూలికీ అర్థమయ్యేలా రాశానని చెప్పారు. పున్నమికి ఇరవై రోజులే ఉంది.

"ఇందులో పూజలూ మంత్రాలూ ఏమీ లేవా?" అని గోవిందరాజులు గారు పేజీలు తిరగేస్తూ అడిగారు.

"లేవండి. వైద్యుడి చీటీ లాంటిది ఇది. జబ్బుంది, జబ్బుకు కారణముంది, తగ్గుతుంది, తగ్గే దారి ఇదీ. అంతే."

నాంచారమ్మ మొదటి పేజీ చూసి, "బతుకులో దుఃఖం ఉందని చెప్పటానికి పుస్తకం కావాలా మాస్టారూ? మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు" అంది.

ఆయన సంతోషించారు. "అడిగితే చెబుతారమ్మా. ఎందుకుందో అడిగితేనే పక్కింటివాణ్ణి చూపిస్తారు."

పని మొదలైంది. మొదటిరోజే చిక్కు వచ్చిపడింది. మా ప్రెస్సు శుభలేఖల ప్రెస్సు. 'శ్రీ'లు గంపెడున్నాయి గాని విసర్గలూ 'ఖ'లూ గుప్పెడు కూడా లేవు. నాలుగో పేజీ దాటేసరికి నిండుకున్నాయి. సాయంత్రం మాస్టారు వస్తే నాంచారమ్మ ఖాళీ గడి చూపించి, "మీ బుద్ధుడికి సరిపోయే దుఃఖం మా పెట్టెల్లో లేదండీ" అంది.

అందుకని నాలుగేసి పేజీలు కూర్చి, అచ్చు వేసి, వెంటనే విప్పి, అవే అక్షరాలతో తరువాతి నాలుగు కూర్చాలని అనుకున్నారు. కోరిక గట్టిగా పట్టుకుంటే ఎలా బాధ అవుతుందో చెప్పిన పేజీలను విప్పి, పట్టు వదిలితే మనసు ఎలా చల్లబడుతుందో చెప్పే పేజీలు కూర్చింది. మాట, చేత, బతుకుతెరువు సక్రమంగా ఉండాలన్న పేజీలు వాటిలోంచే వచ్చాయి. పుట్టిందల్లా మారిపోతుందనీ, మారేదాన్ని 'నాది' అని బిగించుకుంటే చెయ్యే నొప్పి పుడుతుందనీ మాస్టారు తేలికగా రాశారు. నాంచారమ్మ చదువుతూ కూర్చేది. కొన్నిచోట్ల తలూపేది. పదహారు పేజీలు ఇబ్బంది లేకుండా నడిచాయి.

పంతొమ్మిదో పేజీ సగంలో ఆమె స్టిక్కు బల్ల మీద పెట్టేసింది. ఆ మధ్యాహ్నం మాస్టారు ప్రూఫులు చూస్తూ అక్కడే ఉన్నారు. గోవిందరాజులు గారు కాగితాల కోసం తెనాలి వెళ్లారు. ఏసోబు నాకు ఇంకు పూసే రోలర్లు తుడుస్తున్నాడు.

"ఏమ్మా, ఆపేశావు?" అన్నారు మాస్టారు.

"ఈ పేజీ తప్పు. నేను కూర్చను."

"అక్షరదోషమా?"

"మాటే దోషం. ఏదీ ఒక్క కారణంతో జరగదని రాశారు గదా? జరుగుద్ది." ఆమె కుడిచెయ్యి ఎత్తి చూపించింది. "దీనికి ఒకటే కారణం. అదుగో, అక్కడ నిలబడి గుడ్డతో తుడుస్తా ఉంది."

ఏసోబు చేతిలో గుడ్డ ఆగింది. అతను తలెత్తలేదు.

మాస్టారు బుద్ధుణ్ణి వెనకేసుకురాలేదు. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ, "తప్పయితే తీసేద్దాం. విన్నదల్లా నమ్మొద్దు, పరీక్షించి చూసుకోమనే ఆయన చెప్పింది. నేనూ సైన్సు మాస్టార్నే. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు, చూద్దాం" అన్నారు.

"చెప్పటానికేముంది? అక్షరం లేచింది. చెయ్యి పెట్టా. ఆ మనిషి తొక్కాడు."

"అక్షరం ఎందుకు లేచింది?"

"చట్రం వదులుగా ఉండబట్టి."

"ఎవరు బిగించారు?"

"నేనే. పెళ్లోళ్లు నెత్తిన కూర్చుంటే నిదానంగా ఎట్టా బిగిస్తాం?"

"వాళ్లకెందుకంత తొందర?"

"లగ్నం నాలుగురోజుల్లోకి వచ్చింది. కార్డులు లారీలో ఆలస్యంగా వచ్చినయి. దానికెవరేం చేస్తారు?"

"సరే. మరి ఏసోబు ఎందుకు తొక్కాడు?"

వీధిలో ఎవరో ఐసుబండి గంట కొట్టుకుంటూ వెళ్లారు. నాంచారమ్మ తన చేతిని ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది.

"లోపల్నుంచి గోవిందరాజులు గారు కేకేశారు, 'అయిందా?' అని. నేను… 'ఆ, అయింది' అన్నా. పెళ్లోళ్ల నోరు మూయించటానికి అన్నానండీ. ఇంకా కాలా. చెయ్యి లోపలే ఉంది."

ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. తల్లికి కూడా చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదేమో. ఆ మాట కనపడకుండా దాని మీద ఎనిమిదేళ్లుగా ఒక మనిషిని నిలబెట్టి ఉంచింది.

ఆమె స్టూలు మీద నుంచి నా వైపుకు, నా వెనకనున్న ఏసోబు వైపుకు తిరిగింది. "నువ్వు ఆ మాట విన్నావా?"

నేరుగా అడిగింది. మధ్యవర్తి లేడు. ఏసోబు "ఇన్నా. ఇన్నాను గాబట్టే తొక్కా" అన్నాడు.

"మరి ఎవరికీ చెప్పలేదేం? ఊరంతా నిన్ను అన్నారు. నేను ఎన్నెన్ని అన్నా!"

"చేతి ఏళ్లు పోయింది నీయి గదమ్మా. తప్పు గూడా నీ నెత్తినే ఎయ్యమంటావా?"

నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. నేను ఆమెను అంతకుముందు ఒక్కసారే అంత దగ్గరగా చూశాను, ఆనాడు కూడా అలా ఏడవలేదు. ఏసోబు ఏం చేయాలో తెలియక రోలరును మళ్లీ తుడిచాడు. మాస్టారు పుస్తకంలోని ఒక్క ముక్క కూడా ఎత్తకుండా కూర్చున్నారు. కరుణ మీద ఆయన రాసిన మూడు పేజీల కన్నా ఆ కూర్చోవడం బాగుంది.

కళ్లు తుడుచుకుని ఆమె అడిగింది. "అయితే తప్పు నాదేనంటారా?"

"కాదమ్మా. నువ్వన్న మాట కూడా అందులో ఒక కారణం, అంతే. లారీ ఒకటి, లగ్నం ఒకటి, వదులు చట్రం ఒకటి. అన్నీ ఒకచోట కలిశాయి, జరిగిపోయింది. ఏ ఒక్కటి తప్పినా జరిగేది కాదు. కోపాన్ని ఇతని మీద నుంచి తీసి నీ మీద పెట్టుకోమని ఆ పేజీ చెప్పడం లేదు. కింద పెట్టేయమంటోంది."

ఆమె ముక్కు చీదుకుని, మొహం కడుక్కొచ్చి, స్టిక్కు అందుకుంది. సాయంత్రానికి పంతొమ్మిదో పేజీ, దాని వెనకే ఇరవయ్యో పేజీ పూర్తయ్యాయి. చట్రాన్ని తనే బిగించింది, రెండుసార్లు తట్టి చూసింది. నాలుగు కాగితాలు పడ్డాక ఒకటి తీసి వెలుగుకు పెట్టి చూసి, "ఏసోబూ, ఇంకు పలచగా ఉంది. చూస్కో" అంది.

ఏసోబు వెనక్కు తిరిగి గుమ్మం వైపు చూశాడు, గోవిందరాజులు గారు వచ్చారేమోనని. అక్కడ ఎవరూ లేరు. "చూస్తన్నా" అన్నాడు.

పుస్తకం పున్నమికి రెండు రోజుల ముందే సిద్ధమైంది. చివరి అట్ట లోపల మాస్టారు ఒక వాక్యం చేర్చమన్నారు: 'అక్షరాలు కూర్చినది నాంచారమ్మ, అచ్చువేసినది ఏసోబు.' ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో రావడానికి ఆమె చిన్న సైజు అక్షరాలు వెతికి పెట్టింది. కట్టలు మోసుకుని ఇద్దరూ రైల్లో భట్టిప్రోలు వెళ్లారట, దిబ్బ దగ్గర ఎండలో నిలబడి పంచారట. తీసుకున్నవాళ్లలో సగం మంది విసనకర్రలా ఊపుకున్నారని ఏసోబు గోవిందరాజులు గారికి చెప్పి నవ్వాడు.

నాంచారమ్మ సన్యాసిని ఏమీ కాలేదు. నోరు తగ్గలేదు. ఇదివరకు ఏసోబును గోవిందరాజులు గారి ద్వారా తిట్టేది, ఇప్పుడు సూటిగా తిట్టేది. అతనికి అదే బాగుండేది. ఆ డిసెంబరులో అరిసెల డబ్బా ఖాళీగా తిరిగి వెళ్లింది, పైన 'బెల్లం ఎక్కువైంది' అన్న కబురుతో.

ఆ తరువాత ఆఫ్‌సెట్ యంత్రాలొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. గోవిందరాజులు గారు పోయారు. ప్రెస్సు మూతపడింది. నాంచారమ్మ తెనాలిలో ఒక పెద్ద ప్రెస్సుకు ప్రూఫులు దిద్దడానికి పొద్దున బండికి వెళ్లడం మొదలుపెట్టింది. అక్షరదోషం ఆమె కంటబడి ఇంతవరకు బతకలేదు. ఏసోబు కుడిమోకాలు అరిగిపోయి ఇంటిపట్టునే ఉన్నాడు. ఆదివారాలు ఆమె వెళ్లి, అతనికి పేపరు చదివి వినిపించి, అందులోని తప్పులన్నీ కూడా చెప్పి వస్తుందట. మా సీసపు అక్షరాలను నిజాంపట్నం జాలర్లు వలల బరువులకు కరిగించుకున్నారు.

నన్ను పాతసామాన్ల వాడు కొన్నాడు. బస్సు ఇంజను ఒకటి, నీళ్ల మోటారు ఒకటి నాకు ఇరుగుపొరుగు. నాకు బెంగ లేదు. అమృత్‌సర్‌లో పోతపోసిన ఒళ్లు, నాలుగుసార్లు మారిన రోలర్లు, రేపల్లె కమ్మరి అతికిన పెడల్: వీటన్నిటినీ కలిపి ఇన్నాళ్లూ 'నేను' అనుకున్నాను. కలిసినప్పుడు పని బాగానే జరిగింది. ఇప్పుడు విడిపోతున్నాయి. పోయిన నెల ఒకతను వచ్చి నా పెద్ద చక్రాన్ని విప్పి తీసుకువెళ్లాడు. రోడ్డు పక్కన చెరకురసం మిషనుకు బిగించాడని, బాగా తిరుగుతోందని చెప్పుకుంటున్నారు. మండుటెండలో నడిచి వచ్చినవాళ్లు అక్కడ ఆగి గ్లాసు అందుకుంటున్నారట. ఆ తిరిగేది నేనే అని అనుకోవడం లేదు. కాదనీ అనుకోవడం లేదు. రసం చల్లగా ఉంటే చాలు.