సర్దార్జీ హోటల్‌కు తొవ్వ

రత్నాకర్ ఆమ్‌స్టర్‌డాం వెళ్ళొచ్చి పదమూడు నెలలైంది. మనిషి తిరిగొచ్చాడు గానీ ఆయన నోరు మాత్రం ఇంకా అక్కడే తిరుగుతోంది. చేవెళ్ల చౌరస్తాలో ఆయనతో చాయ్ తాగినవాళ్ళందరికీ ఆ ఊరి కాలువలు, వంతెనలు, ట్రాములు కంఠతా వచ్చేశాయి. రైతు వేదికలో పూల సాగు గురించి మాట్లాడమని మైకు ఇస్తే, సాగు గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఆ ఊళ్ళో తానొక్కడే ఎన్ని సందులు తిరిగాడో ముప్పావుగంట చెప్పాడు.

ఆ సందుల్లో ఆయన కాలుపెట్టింది ఒక్కటీ లేదు. మొక్కలు అమ్మే ఒక కంపెనీ పూలరైతులను అక్కడికి తీసుకెళ్ళిన మాట మాత్రం నిజం. మొదటి సాయంత్రమే రత్నాకర్ హోటల్ దగ్గర దారి తప్పి వణికిపోయాడు. ఎవరో ముసలామె తెచ్చి దిగబెట్టింది. ఇక తర్వాత నాలుగు రోజులూ జ్వరమని చెప్పి గది తలుపు తీయలేదు. భార్య పూర్ణిమ కట్టిచ్చిన సకినాలు తింటూ, ఫోన్‌లో ఆ ఊరి వీడియోలు చూస్తూ గడిపాడు. తోడు వెళ్ళినవాళ్ళంతా వేరే జిల్లాలవాళ్ళు. ఇక్కడ అడిగేవాడెవడు?

ఈ ఏడు అదే కంపెనీతో, అదే హోటల్‌కు వెళ్ళే వంతు హన్మంతుకు వచ్చింది. ఇద్దరూ చేవెళ్లలో పదో తరగతి దాకా ఒక్క బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. హన్మంతుకు షుగర్. రోజుకు రెండు పూటలా సూది వేసుకోవాలి. ప్రయాణానికి వారం ముందు మొయినాబాద్‌లో రత్నాకర్ పూలు పెంచే పాలీహౌస్‌కు వచ్చి కూర్చున్నాడు.

"అరే, గా ఊళ్లె ఏమేం చూడాలె, యాడ తినాలె, అన్ని ఒక కాయితం మీద రాసియ్యి. నాకు అన్నం దొరుకుతదో లేదో అదే ఫికర్ ఉన్నది" అన్నాడు.

ఆ మొహం చూస్తే రత్నాకర్‌కు జాలేసింది. ధైర్యం చెప్పాలనిపించింది. గొప్పలు చెప్పే అలవాటూ ఉండనే ఉంది. నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి, వీడియోల్లో చూసినవన్నీ రాసి, చివర్న తన సొంతం ఒకటి కలిపాడు. హోటల్ నుంచి కుడిచేతికి పోయి మూడు వంతెనలు దాటితే ఎర్ర తలుపు, సర్దార్జీ హోటల్, పప్పన్నం.

"నేను రెండు దినాలు గక్కడనే తిన్న రా. నెయ్యి గూడ వేస్తడు" అన్నాడు.

హన్మంతు ఆ కాగితాన్ని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. ఆయన విమానం ఎక్కినప్పటి నుంచి రత్నాకర్‌కు సరిగ్గా నిద్ర లేదు. గైడ్ ఉంటాడు, తిండి వాళ్ళే పెడతారు, ఒక్కడే ఎందుకు పోతాడులే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మూడో నాడు మధ్యాహ్నం మూడున్నరకు ఫోన్ మోగింది. షెడ్డులో పూర్ణిమ, పనికి వచ్చే నిర్మలమ్మ కూర్చుని జర్బెరా పూల రేకులు నలగకుండా ప్లాస్టిక్ టోపీలు తొడుగుతున్నారు.

"రత్నాకర్, మూడు వంతెనలు దాటిన రా. ఎర్ర తలుపు కనవడతలేదు."

రత్నాకర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "నీతోని ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు. తెల్లారంగ పూల మార్కెట్ చూసొచ్చి అందరు పండుకున్నరు. గైడ్ ఫోన్ ఎత్తుతలేడు. పప్పన్నం తిందామని నేను గా బ్రెడ్డు ముట్టలే. సూది రూమ్‌లనే ఏసుకొని వచ్చిన. గంట దాటింది. చెమటలు పడుతున్నయి రా, చేతులు వణుకుతున్నయి. జర జల్ది చెప్పు, చార్జింగ్ అయిపోతున్నది."

పూర్ణిమ తలెత్తి చూసింది. నిర్మలమ్మ పువ్వు చేతిలో పట్టుకుని వింటోంది. ఏడాదిగా అలవాటైన నోరు, ఆయన్ని అడక్కుండానే జవాబిచ్చేసింది.

"ఇంకొక్క వంతెన దాటు. ముందటనే ఉంటది."

ఫోన్ కట్ అయింది. తానేం చేశాడో రత్నాకర్‌కు అప్పుడు తెలిసింది. పూలబుట్ట పక్కన కూలబడ్డాడు.

"ఎవరు? హన్మంతన్ననా? సూది ఏసుకొని తినలేదా?" పూర్ణిమ లేచి నిలబడింది. "నడిపియ్యకు! మా బాపు గిట్లనే పడిపోయిండు, దవాఖానల రెండు దినాలు సోయి లేకుండె. ముందుగాల ఏదన్న తీపి తినాలె. గా సర్దార్జీ హోటల్ ఇంకెంత దూరం?"

రత్నాకర్ వెంటనే హన్మంతు నంబరు నొక్కాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ నొక్కాడు. లేని తలుపు కోసం హన్మంతు తూలుతూ నడుస్తున్నట్టు కళ్ళకు కడుతోంది. మూడోసారి ఎత్తాడు.

"హన్మంతూ, ఆగు! నడువకు! సర్దార్జీ హోటల్ లేదు."

"ఆఁ? బంద్ అయిందా?" గొంతు ముద్దముద్దగా వస్తోంది.

"బంద్ కాలే. ఎన్నడూ లేనే లేదు. నేను అబద్ధం చెప్పిన. నాకు భయమై రూమ్‌ల నుంచి బయటికే రాలే రా. పక్కకు ఏ దుకాణం ఉంటే దాంట్ల చొరబడు. చక్కెర అడుగు, షుగర్ అను, నీ చేతులు చూపియ్యి..."

లైన్ తెగిపోయింది. ఎంత విన్నాడో, అసలు విన్నాడో లేదో. మళ్ళీ చేస్తే, ఫోన్ ఆగిపోయిందని కాబోలు, రికార్డు చేసిన ఆడగొంతు తెలియని భాషలో ఏదో చెప్పింది.

రత్నాకర్ భార్య మొహంలోకి చూడలేకపోయాడు. చేవెళ్ల నుంచి హన్మంతుతో వెళ్ళిన అంతయ్యకు చేశాడు. ఎత్తలేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. చూడలేదు. నాలుగున్నరకు హన్మంతు భార్య కవిత పేరు ఫోన్ మీద వెలిగింది. రత్నాకర్ దాన్ని పాములా చూశాడు. ఆమెకు ఏమని చెప్తాడు? మోగినంతసేపూ మోగి అదే ఆగిపోయింది. ఆయన జీవితంలో ఇంత భయం ఎరగడు. ఆ ఊళ్ళో దారి తప్పిన సాయంత్రం కూడా తన ఒక్కడి ప్రాణానికే భయపడ్డాడు.

ఐదుంబావుకు అంతయ్య నంబరు వచ్చింది. అంతయ్య గొంతు వినిపిస్తే ఇక అంతే అనుకుంటూ ఫోన్ చెవికి ఆనించాడు.

"నేనే రా" అన్నాడు హన్మంతు.

రత్నాకర్‌కు ఏడుపు తన్నుకొచ్చింది.

"సగమే ఇనపడ్డది. ఎన్నడూ లేనే లేదన్నవు సూడు, గది ఇనపడ్డది. ఇంకేం నడుస్త? పక్కకున్న రొట్టెల దుకాణంల పడ్డ. దుకాణంల పనిచేసే పిల్ల పండ్లరసం తాపి కూసోబెట్టింది. పోలీసోళ్లు తెచ్చి ఇడిసిపెట్టిన్రు."

"తిట్టు రా నన్ను."

"తిడ్త, ఇంటికొచ్చి తిడ్త." హన్మంతు గొంతు తగ్గించాడు. "కానీ ఒకటి అయింది. ఏడికి పోయినవని వీళ్లంత అడిగిన్రు. సర్దార్జీ హోటల్ల తిన్న, తొవ్వ తప్పిన అని చెప్పిన. చేవెళ్లల నీ మాట పోతే ఎట్ల రా? గిప్పుడు ఐదుగురు చెప్పులేసుకొని నిలవడ్డరు. పప్పన్నం తింటరట, తొవ్వ చెప్పమంటున్నరు. ఏం చెప్పాలె?"

పూర్ణిమ ఆయన్నే చూస్తోంది.

"ఫోన్ స్పీకర్ల పెట్టు" అన్నాడు.

"వద్దు రా. నేనేదో ఒకటి చెప్త. ఇయ్యాల సెలవంట అని చెప్త."

"పెట్టు రా."

ఐదారు గొంతులు ఒక్కసారే వినిపించాయి. "రత్నాకరన్నా, ఎటు దిక్కు పోవాలె?"

రత్నాకర్ పూర్ణిమ వైపు చూసి, ఫోన్‌ను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఎటూ పోకున్రి. అక్కడ హోటల్ లేదు. నేను ఆ ఊరు చూడనే లేదు అంతయ్యన్నా. ఇన్ని దినాలు చెప్పినయన్ని అబద్ధాలే. హన్మంతు అక్కడ తిన్ననని నా పరువు కోసం చెప్పిండు, ఆయన ఇంకా అన్నం తినలే. ముందుగాల ఆయనకేదన్న తినవెట్టున్రి."

రత్నాకర్ ఫోన్ పెట్టేయకుండా, వాళ్ళేమంటారోనని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.