రెండు పునాదుల మట్టం

తుఫానుకి పెంకులు లేచిపోయాక అన్నదమ్ములిద్దరూ పాత ఇల్లు పడగొట్టి, అదే స్థలంలో పక్కపక్కనే రెండు డాబాలు మొదలుపెట్టారు. మధ్యలో మనిషి నడిచేంత సందు. పెద్దవాడు చంద్రరావు పామాయిల్ తోట పని మీద జంగారెడ్డిగూడెంలో ఉండేవాడు. అందుకని కట్టుబడి చూసుకోవడం అతని భార్య అప్పాయమ్మ మీద పడింది. రెండిళ్లకీ మేస్త్రి ఒక్కడే, బుల్లబ్బాయి. అతనిదీ, తోడికోడలు పాపాయి పుట్టింటివారిదీ ఒకే ఊరు. అప్పాయమ్మకి అనుమానం అక్కడే మొదలైంది.

వరదొస్తే పల్లంలో ఉన్న ఇంట్లోకే ముందు నీళ్లు వస్తాయి. పునాదులు లేచాక ఎటునుంచి చూసినా పాపాయిదే వేలెడు ఎత్తుగా కనిపించేది ఆవిడ కంటికి. బుల్లబ్బాయి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి మట్టం చూసేవాడు. గొట్టం చివరలు చెరో పునాది దగ్గరా ఎత్తి పట్టుకుంటే రెండువైపులా నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది. అక్కడ బొగ్గుతో గీత పెట్టేవాడు. బాగానే ఉంది. కానీ గొట్టం అతనిదే, రెండో చివర పట్టుకునే కూలీ అతని మనిషే. ఆ మనిషి గీత కాస్త పైకి పెడితే తనకేం తెలుస్తుంది? పాపాయి ఇచ్చిన మజ్జిగ మేస్త్రి తాగుతుంటే, ఆ గ్లాసుకేసి కూడా అదోలా చూసేది.

ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి వెళ్లి, గాజులో బుడగతో మట్టం చూపించే రసమట్టం కొనుక్కొచ్చింది. పనివాళ్లు భోజనాలకి లేవగానే సందుకి అడ్డంగా తిన్నని పలక వేసి దానిమీద పెట్టింది. గాజులోని బుడగ పాపాయి వైపు జారింది. బుడగ ఎత్తు వైపుకే పోతుందని కొట్టువాడు చెప్పాడు. ఇంకేం కావాలి?

"మీ ఊరి ఆడపడుచని ఆవిడకి ఎత్తు పెంచావా మేస్త్రీ?" అని అందరి ముందూ అడిగేసింది.

బుల్లబ్బాయి మళ్లీ గొట్టం పట్టి చూపించాడు. తేడా లేదు. "నీళ్లకి ఏ ఊరైతే ఏంటండి?" అన్నాడు.

"నీళ్లకి లేకపోవచ్చు. పట్టుకున్న చేతికి ఉంటుంది."

అతను గొట్టం చుట్టుకుని వెళ్లిపోయాడు. రెండిళ్ల పనీ ఆగింది. పాపాయి మాటలు మానేసింది.

చంద్రరావు వచ్చాక అప్పాయమ్మ సాక్ష్యం చూపించబోయింది. ఆ తొందరలో రసమట్టం అటుది ఇటు తిప్పి పెట్టింది. బుడగ ఈసారి ఇటు జారింది.

"ఇప్పుడు మనదే ఎత్తంటోందే?" అన్నాడాయన.

ఆవిడ తిప్పి తిప్పి చూసింది. ఎలా పెట్టినా రసమట్టంలో ఒకే కొస వైపు పోతోంది బుడగ. గాజు బిగించడంలోనే వంకర ఉంది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రమే మేస్త్రి ఇంటికెళ్లి, తప్పు తనదేనని ఒప్పుకుంది. అతను వస్తానన్నాడు గానీ, ఒక్క షరతు పెట్టాడు.

"గొట్టం రెండో చివర మీరే పట్టుకోవాలండి. ఇక మావాడి చేత పట్టించను."

మర్నాడు ఆవిడ గొట్టం పట్టుకుని నిలబడేసరికి పాపాయి సందులోకి వచ్చింది.

"అక్క పట్టుకుంటే నేనెలా నమ్మేది? నీ చేతిలో చివర నాకివ్వు మేస్త్రీ."

అప్పట్నుంచి శ్లాబు పడేదాకా చెరో చివరా తోడికోడళ్లే పట్టుకున్నారు. మేస్త్రి మధ్యలో నిలబడి గీత పెట్టమని చెప్పేవాడు. ఇద్దరూ గొట్టంలో నీళ్లకేసి చూశారే గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇళ్లు రెండూ సరిసమానంగా లేచాయి. గృహప్రవేశాలు మాత్రం వేరే వేరే ముహూర్తాలకి చేసుకున్నారు.