నాచు మడుగుల నీళ్లు

వరి పొట్టకొచ్చిన వేళ మా పొలాలకు నీళ్లు ఆగిపోయాయి. నాచు మడుగులు మాత్రం పచ్చగా, నిండుగా ఉన్నాయి. గట్టు మీద కొత్త పైపు ఒకటి మా వరికి వీపు తిప్పి, విల్లాల వెంచరు వైపు సాగుతోంది.

వరంగల్ మురుగు ఏళ్లుగా మా మళ్లలోకే వచ్చింది. కాళ్లు పుండ్లు పడ్డాయి. మా ఆకుకూరను చూసి హనుమకొండ బజారు ముక్కు మూసుకుంది. అప్పుడు మా ఊరి సోమక్క కొడుకు భానుచందర్ పెద్ద చదువు చదివి వచ్చి చెప్పాడు: మురుగును మడుగుల్లో నిలుపుదాం, నాచు పెరుగుతుంది, నాచూ ఎండా కలిసి నీటిని శుభ్రం చేస్తాయి, ఆ నీరు ముందు మన పొలాలకే.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వినండి: అతడు మావాడు. మావాడి మాటకు హామీ ఎవరడుగుతారు? మడుగులకు భూమి ఇచ్చాం. అందరికన్నా ముందు సోమక్క ఇచ్చింది. నీళ్లు తేటపడ్డాయి. పుండ్లు మానాయి.

ఇప్పుడు ఆ భానుచందరే, మడుగులు చూసే నౌకరిలో ఉండి, పైపు వేసిన కాంట్రాక్టరు జీపు దిగాడు.

"ఏందిరా భానూ, నీళ్లు ఎటు పోతానయ్?" యాకయ్య అడిగాడు.

"పైనుంచి ఆర్డర్, కాకా. జర ఓపిక పట్టుర్రి. మీకు పాత కాలువ ఉన్నది గద."

"పాత కాలువల ఏమున్నదిరా? పట్నపోళ్ల పెంట! మంచి నీళ్లు విల్లాల గడ్డికి, పెంట మా వరికా?"

"గడ్డి గూడ పంటనే అనుకున్నడేమో, సదువుకున్నోడు!" అంది మొగిలమ్మ.

సోమక్క కొడుకు ముఖంలోకి చూసింది. "నీ మాట మీద ఊరు భూమి ఇచ్చింది, బిడ్డా."

"అమ్మా, నా నౌకరి పోతది."

"వీళ్ల పంట పోతాంది."

ఆమె గట్టెక్కింది. వెనుకే ఊరెక్కింది. రెండు వాల్వులకూ ఒకటే ఇనుప చక్రం. దాన్ని తిప్పి వెంచరు పైపును మూశారు, మడుగుల నుంచి పొలాలకొచ్చే కాలువను బార్లా తెరిచారు, చక్రాన్ని ఊడదీశారు. అది లేనిదే ఏ వాల్వూ తిరగదు. నాట్ల నాడు నారుకట్ట సాగినట్టు సాగింది ఆ చక్రం: చేతి నుంచి చేతికి, గట్టు నుంచి మడికి. కట్ట ఎవరి చేతిలో ఆగిందో నాట్లలో ఎవరూ తిరిగి చూడరు.

పోలీసులు వచ్చారు. లాఠీలు లేచాయి. భానుచందర్ వేలెత్తి చూపాడు.

"చక్రం మొదలు ముట్టింది ఈమెనే, సార్."

సోమక్క ఒక్క క్షణం ఆ వేలును చూసింది. తానే వెళ్లి వ్యాను ఎక్కింది. "చక్రం నా కాడ లేదు. ఎవల కాడున్నదో నాకు గూడ తెల్వదు."

వ్యాను కదిలింది. ఎస్సై పొలాల వైపు తిరిగాడు. తడుస్తున్న మళ్లలో, వరి నడుమ, ఊరంతా వరుసగా నిలబడి ఉంది. నీళ్లు చివరి మడికి చేరుతున్నాయి.

"మళ్లల్ల దిగి చక్రం దేవులాడుర్రి, సారూ," అన్నాడు యాకయ్య. "భయం లేదు, పుండ్లు గావు. నీళ్లు మంచియే."