ఆత్మారాం వేసిన తాళం

బోధన్‌లో ఫొటో స్టూడియో నడిపే ఆత్మారాం మహా గుట్టు మనిషి. ఎవరి ఫోన్‌లో ఏం చూసినా కడుపులోనే దాచుకునేవాడు. అలాంటివాడు ఒకసారి నిజామాబాద్‌లో ఫోను బాగుచేయించుకోవడానికి పోతే, ఆ దుకాణంవాళ్లు ఎవరింటిదో సీమంతం వీడియో పెట్టుకుని పకపకా నవ్వుతున్నారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి తన సొంత వీడియోలన్నీ ఒకే ఫైల్‌లో మూటకట్టి, పాస్‌వర్డ్ పెట్టి, అసలువి తుడిచేశాడు.

ఆ మూటలో ఉన్నది చనిపోయిన భార్య శ్యామలమ్మ. బీడీలు చుడుతూ పాడిన పాటలు, క్యాన్సరొచ్చి మంచాన పడ్డాక మాట్లాడిన మాటలు. పాస్‌వర్డ్ ఎక్కడన్నా రాసిపెట్టమని కూతురు వినీత ఎంత పోరినా వినలేదు.

"రాసిపెడితె అది తాళమెట్లయితది బిడ్డా? నా తలకాయల ఉన్నది, సాలు" అని గొప్పలు పోయేవాడు. గొప్ప తలకాయే. మొన్నటి వానాకాలం దెబ్బ తగిలింది కూడా దానికే.

పక్షవాతం కుడిచేతినీ మాటనూ పట్టుకుపోయింది. మనుషులు తెలుసు, చెప్పిందంతా అర్థమవుతుంది. నీళ్లు అడగబోతే మాత్రం గొడుగు అని వస్తుంది. అక్షరాలు చూస్తే కుదురుగా నిలవవు. ఓపిక పట్టమన్నాడు డాక్టరు. ఆయనదేం పోయింది, చెప్పడం సులువే.

ఈ ఆదివారం వినీత ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టింది. వచ్చే నెలలో ఆమె పెళ్లి.

"అమ్మ గొంతు యాదికొస్తలేదు బాపు. ఒక్కసారి ఇనాలె" అంది.

అమ్మ పేరు కొట్టింది. తెరుచుకోలేదు. తన పేరు, పుట్టినరోజు, అమ్మానాన్నల పెళ్లిరోజు. ఏదీ పలకలేదు.

"మావి ఒక్కటి గూడ పెట్టలేదా?" అంది చిన్నబుచ్చుకుని.

ప్రాణమైనవాటినే ఎవడైనా ముందు ఊహిస్తాడమ్మా, అందుకే పెట్టలేదని చెప్పాలనుంది ఆయనకు. "సైకిల్" అని వచ్చింది.

ఆమె ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, ఇదా, ఇదా అని అడుగుతూ పోయింది. పాస్‌వర్డ్ మొత్తం ఆయన లోపల చెక్కుచెదరకుండా ఉంది. అయినా తప్పు అక్షరానికి అవునని తల ఊపాడు. ఊపాక తప్పని తెలిసి, కాదని చెప్పబోతే అదీ రాలేదు. తన ఇంటికి తనే తాళం వేసి వీధిలో నిలబడ్డట్టయింది. ఏడుపొచ్చింది.

వినీత అటూ ఇటూ నొక్కి చూస్తే లోపలి వీడియోల పేర్లు మాత్రం కనిపించాయి. ఈ తాళం పేర్లను దాచదని ఆయనకూ తెలియదు. ఆమె పైకి చదువుకుంటూ పోయింది. బతుకమ్మ పాట. అమ్మ నవ్వు. చివరి పేరు దగ్గర ఆగిపోయింది. 'వినీతకు, లగ్గం నాడు.'

దాన్ని నొక్కింది. మళ్లీ పాస్‌వర్డే అడిగింది.

"దీంట్ల అమ్మ నాకేం జెప్పింది బాపు? పాస్‌వర్డ్ వద్దు తియ్యి. గదొక్కటి చెప్పు."

ఆయనకు ప్రతి మాటా గుర్తుంది. ఆ రోజు కెమెరా పట్టుకున్నది ఆయనే. శ్యామలమ్మకు దగ్గు వస్తుంటే కెమెరా ఆపబోయాడు. ఆపొద్దని ఆమె చేత్తో సైగ చేసింది. ఆత్మారాం ఎడమచేత్తో బిడ్డ చేయి పట్టుకుని, ఉన్న బలమంతా కూడగట్టుకుని నోరు తెరిచాడు.

"చాయ్" అన్నాడు.

వినీత ల్యాప్‌టాప్ మూసింది. "పెడ్త బాపు" అని లేచి వంటింట్లోకి పోయింది.